పదిహేను మార్కుల ప్రశ్న

రూలు ఏమిటంటే, ఆయన చెప్పిందే నేను రాయాలి.
ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు.
సూరాడ పోలయ్యగారు. డెబ్భై మూడేళ్లు. నీటికాసులు.
ఎమ్మే హిస్టరీ, ప్రైవేటుగా.
నేను ఇంటర్ తప్పినదాన్ని, పూటకి మూడు వందలు.

పాతపోస్టాఫీసు దగ్గర బడి, మేడ మీద మా ఇద్దరికే ఒక గది.
కిటికీలోంచి మూడు కొండలూ కనిపిస్తాయి,
కోవెలదొకటి, దర్గాదొకటి, మేరీమాతదొకటి.
రేవులోకొచ్చే ఏ ఓడైనా ఆ ముగ్గురికీ మొహం చూపించాల్సిందే.

మూడో ప్రశ్న: నార్మనుల దండయాత్ర నాటి
ఇంగ్లండు ప్రజల మత విశ్వాసములను వివరింపుము.

"రాసీ పాపా," అన్నాడు కళ్లు మూసుకుని.
ఆ ఏడు ఈస్టరు వెళ్లిన వారానికి తోకచుక్క పొడిచింది.
జుట్టు విరబోసుకున్న చుక్క అన్నారు దాన్ని.
రాజు మారతాడన్నారు. మా అమ్మమ్మా అలాగే అనేది.
అమ్మమ్మని కూడా రాయాలా?
కాసేపు ఆలోచించి, "వద్దు. సిలబస్‌లో నేదు."

తర్వాత ఎముకలు.
పుణ్యాత్ముల ఎముకల మీద బట్ట కప్పి
హెరాల్డు చేత పైన చెయ్యి వేయించి ఒట్టు పెట్టించారట.
బట్ట తీశాక మొహం పాలిపోయిందట.
తెలిసి వేసినా తెలియక వేసినా ఒట్టు ఒట్టే.
"తెలియక" దగ్గర కాస్త ఆగాడు.
నేను కామా పెట్టాను.

గాలి దగ్గరికి వచ్చేసరికి హుషారొచ్చింది.
రెండు వారాలు ఓడలన్నీ ఒడ్డునే, దక్షిణపు గాలి పడదు.
గుళ్లోంచి సాధువు పెట్టెను మోసుకొచ్చి
ఇసుకలో దింపి, దాని మీద నాణాలు గుమ్మరించారు.
గాలి తిరిగింది.
"ఇందులో వింతేటున్నాది? మనం గంగమ్మకి మొక్కట్నేదా?"
అదీ రాయొద్దన్నాడు. నాకు మాత్రం రాయాలనిపించింది.

అవతలి ఒడ్డున దిగుతూనే దొర బోర్లా పడ్డాడు.
అపశకునమని అందరూ గొల్లుమంటే
రెండు గుప్పిళ్ల ఇసకతో లేచాడు,
నేల నా చేతికొచ్చింది చూడండి అంటూ.

ఇరవై నిమిషాలుందనగా శిక్షల దగ్గరికి వచ్చాం.
ఓడినవాళ్లకి కాదు. గెలిచినవాళ్లకి,
పోపు పంపిన జెండా కింద పోరాడినవాళ్లకి.
బిషప్పులు కూచుని లెక్క కట్టారు.
చంపితే, తలకొక ఏడాది ప్రాయశ్చిత్తం.
కొట్టాడు గాని పోయాడో లేదో తెలీదు, తలకి నలభై రోజులు.
ఎంతమందో లెక్కే తెలియనివాడు
వారానికొక రోజు, బతికినన్నాళ్లూ.
ఇక విలుకాళ్లు...

పెన్ను ఎత్తి పట్టుకున్నాను.
ఫ్యాను టకటకమంటోంది. రేవులో టగ్గు ఒకటి కూసింది.
"విలుకాళ్లు ఎవులు పడ్డారో సూడరు పాపా.
బాణం ఎలిపోద్ది. అంతే."
రాశాను.
"అది రాయకు."
కొట్టేశాను.

నేవీలో గన్నరని దరఖాస్తులో ఉంది.
డెబ్భై ఒకటి డిసెంబరులో, రాత్రి, తూర్పున ఏదో రేవు తగలబడిందని
మెట్ల మీద వాళ్లావిడ చెప్పింది.
శుక్రవారాలు ఏమీ ముట్టడట, యాభై ఏళ్లుగా.
ఏ దేవుడికో ఆవిడకీ తెలీదు.
ఈరోజు శుక్రవారం.
ఆయన సంచిలో నీళ్ల సీసా ఒక్కటే ఉంది.

"విలుకాళ్లకి ఎంత వేశారు తాతా?"
రూలు దాటి అడిగాను.
"మూడు నలభైలు. ఉపవాసాలు."
"అంతేనా?"
"అంతే. తక్కువేసినారు."

గంట కొట్టారు.
ఆ మాట రాయనా అని నేనడగలేదు,
రాయకని ఆయనా అనలేదు.
మిగిలిన సగం పేజీ మీద అడ్డంగా గీత కొట్టమన్నాడు ఇన్విజిలేటరు,
తర్వాత ఎవరూ ఏమీ కలపకుండా.
స్కేలు లేదు. చేత్తోనే గీశాను.
వంకరగా వచ్చింది.